ఫోటోలో అక్కవి నువ్వు

శిరీషా,

ఎమర్జెన్సీ విభాగంలో శిక్షణకి కొత్త డాక్టర్లని తీసుకునే మన రెసిడెన్సీ ఇంటర్వ్యూలు ఈ ఏడు కూడా వీడియోలోనే. పైన బ్లేజర్, కింద పైజమా వేసుకుని, ప్లెయిన్స్‌బరోలో మా వంటింట్లోనే కూర్చుని, మన ప్రోగ్రామ్ గొప్పలన్నీ స్క్రీన్ మీద చూపిస్తున్నాను. ఈసారి అల్ట్రాసౌండ్ పోటీలో మన రెసిడెంట్లే గెలిచారు. వాళ్లకి నేర్పింది నేనే. దాని గురించి ఒక్కరూ అడగరు. డ్యూటీ మారేటప్పుడు జబ్బు కంటే ముందు పేషెంట్ పేరు చెప్పాలని నువ్వు పెట్టిన పద్ధతి గురించే అందరూ అడుగుతారు. పోయి ఇన్నేళ్లయినా మార్కులన్నీ నువ్వే కొట్టేస్తున్నావు. నాకు ఒళ్లు మండిపోతోంది.

నిన్న ఈ దేశంలోనే పుట్టిన ఒక తెలుగమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చింది. ఇంటర్వ్యూ అయిపోయాక, నీ ఫోటో ఉన్న స్లైడ్ మళ్లీ పెట్టమంది.

"ఆ రూల్ స్టార్ట్ చేసింది ఈ అక్కేనా, ఆంటీ?" అని అడిగి, వెంటనే నాలుక కరుచుకుంది. "సారీ, డాక్టర్!"

"అవును, ఆ అక్కే," అన్నాను.

మనిద్దరిదీ ఒకే బ్యాచ్ అని, ఒకే వయసని ఆ పిల్లకి చెప్పలేదు.

నిన్ను కూడా ఎవరైనా ఒక్కసారి ఆంటీ అనాలే. నీ మొహం మాడిపోతే చూసి, నేను పగలబడి నవ్వాలి.