సూది పట్టని వేళ్ళు

2018 మార్చి 5, టోకొరోవా

మంచం దిగడానికి పావుగంట పట్టింది. యాభై ఆరేళ్ళకే మోకాళ్ళు మూలుగుతున్నాయి. రొమ్ము క్యాన్సర్ మళ్ళీ రాకుండా ఐదేళ్ళు వేసుకోవాల్సిన హార్మోన్ మాత్ర చేస్తున్న నిర్వాకం ఇది. మా తెరెయాపీ వదినదీ అదే ఆపరేషన్, అదే మాత్ర, అదే మూలుగు. మాత్ర మానొద్దు, ఎక్సర్‌సైజ్ చేస్తే కీళ్ళు తేలికపడతాయి అంది డాక్టరు. చెప్పడానికేం, ఆవిడ మోకాళ్ళు కాదుగా.

మార్చి 7

చర్చి హాల్లో క్లాసు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవాలి. నేను ఆరుసార్లకే చతికిలబడ్డాను. వదిన నాలుగుకే.

మార్చి 20

వదిన ఏడ్చింది. అన్నయ్య పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి. మనవడు రొంగోకి ఏడేళ్ళు నిండాక, 2020 జనవరిలో, మా దీవుల ఆచారం ప్రకారం పుట్టువెంట్రుకలు తీయించాలి. ఆ రోజు వాణ్ణి నానమ్మ గుడ్డపూలు కత్తిరించి కుట్టిన టివైవై దుప్పటి పరిచిన కుర్చీలో కూర్చోబెట్టాలి. మందారపూల దుప్పటి సగంలో ఉంది, వేళ్ళు సూది పట్టడం లేదు. నా దుప్పటి లేకుండా వాడి జుట్టు ఎలా తీస్తారే అంది.

జూన్ 13

వదిన ఇరవైసార్లు లేచింది. నేను తొమ్మిది. పూలు కూడా చకచకా కుట్టేస్తోంది. ఒళ్ళు వంచాలి ఆడపడుచూ, మందు మింగి మంచమెక్కితే కీళ్ళు వంగుతాయా అంది, అందరి ముందూ. ఒళ్ళు మండిపోయింది.

జూన్ 14

వదినతో రోజూ వెళ్ళే నడకకు వెళ్ళలేదు. కచ్చ.

2019 మే 2

క్లాసులో పదిహేనుసార్లు లేచాను. వానలో కూడా నడిచిన ఫలం. నొప్పి పోలేదు గానీ సగమైంది. ఇప్పటికి మనిషివయ్యావే అని వదిన వీపు మీద ఒక్కటి చరిచింది.

నవంబర్ 11

నెల రోజులుగా వదినకు నడుం నొప్పి. స్కాన్ తీశారు. ఎముకల్లోకి పాకిందట.

నవంబర్ 12

ఆసుపత్రిలోనూ కుడతానంటే దారాల డబ్బా కోసం వాళ్ళింటికి వెళ్ళాను. అడుగున మాత్రల అట్టలు. ఒక్కటీ చింపలేదు. అన్నిటికన్నా పాతది 2018 ఏప్రిల్‌ది.

అడిగాను. మానేసిన కొన్నాళ్ళకే సూది పట్టగలిగానే, వేడుకయ్యాక మళ్ళీ వేసుకుందామనుకున్నా అంది. నిన్ను ఊరికే ఆడిపోసుకున్నాను, ఇప్పుడు నువ్వు తిట్టు అంది. దారాల డబ్బా వదిన ఒళ్ళో పెట్టాను. వేసుకున్నా వచ్చేదేమో, చెప్పలేం అంది డాక్టరు. నాకు మాత్రం వదిన మీద కోపం, ఏడుపు, రెండూ.

2020 జనవరి 4

వదిన పోయింది.

జనవరి 6

మా దీవులవాళ్ళం పోయినవాళ్ళను టివైవై దుప్పటి చుట్టే మట్టికి పంపిస్తాం. రొంగో తనకోసం కుట్టిన దుప్పటే ఇచ్చేశాడు. మిగిలిన పువ్వు నేను కుట్టాను. అన్నీ వంకర కుట్లు. వదిన చూస్తే విప్పించేది.

జనవరి 9

మాత్ర వేసుకున్నాను. పదహారుసార్లు లేచాను. వాయిదా పడ్డ వేడుకకి రొంగోకి కొత్త దుప్పటి కుడదామని ఎర్రగుడ్డ కొన్నాను. వేళ్ళు నొప్పి పెడుతున్నాయి. పెట్టనీ.