శుక్రవారం పొగ

క్యాంపస్, ఖరగ్‌పూర్

గిరిబాబు గారికి నమస్కారాలు.

మీ డాబా మీద మా గాలి పరీక్ష మిషను పెట్టనిచ్చినందుకు కృతజ్ఞతలు. ఫోన్లో మాట సరిగా వినపడదన్నారు కనుక, ఫిల్టరు కాగితం మార్చడానికి వచ్చే తిమోతి చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. మీ నిమ్‌పురా పేట గాలిలో ఏ పొగ ఎంత ఉందో తేల్చడమే నా పరిశోధన. అందులో ఒక చిక్కు వచ్చింది. ప్రతి శుక్రవారం సాయంత్రం పొగ అమాంతం పెరుగుతోంది. ఆ వేళ మీ చుట్టుపక్కల ఏమైనా కాలుస్తారా?

ఇట్లు,
రష్మిత

తా.క.: మిషను దగ్గరికి ఎవరినీ రానివ్వకండి. పిల్లిని కూడా.

నిమ్‌పురా

చిరంజీవి రష్మితకు ఆశీస్సులు.

మా ఇంట్లో గ్యాసు పొయ్యి. చెత్త తగలబెట్టే అలవాటు మా వంశంలోనే లేదు. సందు మొదట్లో రాధారాణి దీదీ టీ కొట్టు ఉంది, ఆవిడది బొగ్గు పొయ్యి. అడిగావు కనుక చెప్పాను తప్ప ఆవిడ మీద నాకేమీ కోపం లేదు. రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మా అందరికీ పొద్దున్నే నోరు పెగిలేది ఆ టీతోనే.

నీ శ్రేయోభిలాషి,
గిరిబాబు

తా.క.: మిషను గురించి బెంగ వద్దు. షాపులో నా లేతు మిషను కంటే బాగా చూసుకుంటున్నాను. పిల్లి వచ్చింది, మర్యాదగా చెప్పి పంపేశాను.

క్యాంపస్

గిరిబాబు గారికి,

చాలా సాయం చేశారు. శుక్రవారం పొగ బొగ్గు పొయ్యిది కావచ్చునని కాలుష్య నియంత్రణ ఆఫీసుకు రాశాను. ఫిల్టరు పరీక్షలు ఇంకా పూర్తి కాలేదు గానీ వాళ్ళు తొందరపెట్టారు. అందుకే ‘కావచ్చు’ కింద గీత కూడా గీశాను.

నమస్కారాలతో,
రష్మిత

తా.క.: టీ కొట్టుకు ఇబ్బందేమీ ఉండదులెండి. ఆఫీసులు అంత త్వరగా కదలవు కదా.

నిమ్‌పురా

రష్మితమ్మకు,

ఆఫీసు కదిలింది. జీపులో వచ్చి, పొయ్యిలో బకెట్టుడు నీళ్ళు పోసి, కొట్టుకు తాళం వేశారు. నువ్వు గీసిన గీత వాళ్ళకు కనబడలేదు కాబోలు. ఆ కొట్టు తప్ప ఆవిడకు వేరే ఆధారం లేదు. మూసిన తలుపు ముందు స్టూలేసుకుని కూర్చుంటోంది. నన్ను చూస్తే మొహం తిప్పుకుంటోంది. మా ఆవిడ అప్పలనర్సమ్మ అయితే, “ఆ మనిసి ఏటి తిని బతుకుతాదో ఆలోసించినావా? పేరు సెప్పడానికి నీకు నోరెలాగొచ్చినాది?” అని నాకు ఇంట్లో కూడా టీ ఇవ్వడం లేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను తల్లీ. ఏదో ఒకటి చెయ్యి.

గిరిబాబు

తా.క.: కొట్టు తెరుచుకోవాలని మొక్కుకుని ఈ శుక్రవారం మిషనుకు రెట్టింపు సాంబ్రాణి వేశాను. విశ్వకర్మ పూజనాడు మొదలుపెట్టి వారం వారం వేస్తూనే ఉన్నాను. ధూపం చూపించని మిషను మీద మా షాపులో ఎవరమూ చెయ్యి వేసేవాళ్ళం కాదు. పొగ పై గొట్టంలోంచి చక్కగా లోపలికి పోతోంది.

క్యాంపస్

గిరిబాబు గారికి,

మీ తా.క. చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఫిల్టరు పరీక్షలూ అదే చెప్పాయి. శుక్రవారం పొగ బొగ్గుది కాదు, చెట్టు బంక కాలిన పొగ. సాంబ్రాణి అంటే చెట్టు బంకే. పరీక్ష పూర్తి కాకుండా రాయడం నా తప్పు. ఆఫీసుకు నేనే వెళ్ళి, రాసింది తప్పని సంతకం పెట్టి, తాళం తీయించాను. రాధారాణి గారికి క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడ నాకు టీ మాత్రం ఇవ్వలేదు.

శుక్రవారాలు తీసేసి మళ్ళీ లెక్క వేశాను. సాంబ్రాణి వెయ్యని రోజుల్లోనూ, ఆ కొట్టు మూసి ఉన్న రోజుల్లోనూ మీ గాలి పీల్చదగ్గదిగా లేదు. పడమటి గాలి వీచినప్పుడల్లా ఫ్యాక్టరీల పొగ మీ మీదికే వస్తోంది. ఈసారి పరీక్షలన్నీ ముగించి రాశాను. ‘కావచ్చు’ అని రాయలేదు.

మీ రష్మిత

తా.క.: ఇకమీదట మిషనుకు దణ్ణం మాత్రమే పెట్టండి.

నిమ్‌పురా

తల్లీ రష్మితా,

నీ రెండో రిపోర్టుకూ జీపు వచ్చింది. పడమటికి పోలేదు, నేరుగా మా ఇంటికే వచ్చింది. పేటలో గొడవంతా ఈ మిషను వచ్చాకే మొదలైందట, విప్పి పట్టుకుపొమ్మని ఆర్డరట. నేను వాదిస్తూ ఉండగానే రాధారాణి కొట్టు వదిలేసి వచ్చి డాబా మెట్లకు అడ్డంగా కూర్చుంది. “నా పొయ్యి ఆర్పించినాది ఆ పిల్లే దాదా. మళ్ళీ నా కాడికొచ్చి తప్పు నాదే అన్నాది కూడా ఆ పిల్లే. ఇన్నాళ్ళలో నా గుమ్మంలోకొచ్చి అలాగన్నోళ్ళు ఎవులూ లేరు. దీన్ని ముట్టుకోనివ్వను” అంది. జీపు వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తుంది. నువ్వు మాత్రం రాయడం మానకు.

ఆశీస్సులతో,
గిరిబాబు

తా.క.: ఆవిడ ఇంకా మెట్లు దిగలేదు. మా గ్యాసు మీద టీ కాయించుకుని మెట్ల మీదే అమ్ముతోంది. నా డాబా నేను ఎక్కాలన్నా ఆవిణ్ణి అడగాలి.