ఎక్స్‌రేలో గిత్త కనిపిస్తుందా?

రామతీర్థం

మా ఇంటి బావమరిది గిరిబాబుకి జగన్నాధం బావ ఎడమ చేత్తో దీవించి రాయునది.

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. కుడి మణికట్టు విరిగిన సంగతి నీకు తెలిసిందే. ఫోన్ చేద్దామంటే నా పెళ్ళాం, అదే మీ అప్ప చిన్నతల్లి, స్పీకర్ పెట్టేస్తుంది, వీధంతా వింటుంది. అందుకే ఉత్తరం.

సిమెంటు కట్టు విప్పారు. ఎముక అతికిందో లేదో ఎక్స్‌రే తీయించమన్నాడు డాక్టరు. అతికితేనే గంగమ్మ జాతరలో గుండెల మీద తప్పెట కట్టి జట్టు ముందు నిలబడతాను. లేదంటే గోవింద్ నిలబడతాడు. తప్పెటగుళ్ళ ఆటలో సినిమా స్టెప్పు కలిపాడని పదిమందిలో నేను గడ్డి పెట్టిన ఆ గోవిందే!

నువ్వు ఎక్స్‌రే గదిలోనే పనిచేస్తావు కాబట్టి అడుగుతున్నాను. ఎముక ఎలా విరిగిందో కూడా ఫొటోలో తెలిసిపోతుందా? ఊరికే అడిగానులే. గిత్త తాడు లాగితే పడ్డానని ఊరందరికీ తెలుసు.

నీ బావ

తా.క.: గిత్తకి రెండో తాడు కూడా కట్టారు. పిల్లలు దాన్ని చూసి పారిపోతున్నారు. అది నాకేసి అదోలా చూస్తోంది.

*

అరసవల్లి

గిత్తను ఎదిరించిన బావకి గిరిబాబు నమస్కారాలు.

తెలియకపోవడమేమిటి బావా! పగులు చూస్తే మనిషి ఎటు పడ్డాడో, ఎందుకు పడ్డాడో, ఆ సమయంలో ఏం పాట పాడుతున్నాడో కూడా చెప్పేస్తాం. ధైర్యంగా రా.

మీ గిరి

తా.క.: మణికట్టులో పడవలాంటి చిన్న ఎముక ఉంటుంది. నొప్పి తగ్గినా అది అతక్కుండా ఉండిపోవచ్చు. ఫొటో చూడకుండా తప్పెట కొడితే చెయ్యి పాడవుతుంది. ఇది మాత్రం వేళాకోళం కాదు.

*

రామతీర్థం

గిరీ,

దీవెనలు తర్వాత, ముందు కొంప మునిగింది.

నువ్వు పాట సంగతి రాశాక నాకు నిద్ర పట్టలేదు. నన్నెవరూ ఎరగని చోటని రైలెక్కి ఆమదాలవలస పోయాను. "ఏ చెయ్యి?" అన్నాడు ఫొటో తీసేవాడు. బాగున్న ఎడమ చెయ్యి పెట్టేశాను. ఎముక శుభ్రంగా ఉందని రాస్తే చాలనుకున్నాను.

ఆ రిపోర్టు ఏ చేతిదో చూసుకోకుండా గోవింద్ జట్టు ముందు చదివాడు. "గురూ, ఇది అసలు ఇరగనే నేదంట! మరి కట్టేటికి కట్టినారు?" అన్నాడు. ఊడ్పుల పని తప్పించుకోవడానికి దొంగకట్టు కట్టుకున్నానని ఊరు కోడై కూస్తోంది. మీ అప్ప మాత్రం పేడ తట్ట పట్టుకుని పశువులశాలలోకి పోయింది. అదే నాకు భయం.

నిజం నీకు చెబుతాను. గోవింద్ వేసిన ఆ స్టెప్పు నాకూ వస్తుందో లేదోనని పశువులశాలలో పాట పాడుకుంటూ వేసి చూశాను. పేడ మీద కాలు జారింది. గిత్త అప్పుడు పడుకుని నెమరు వేస్తోంది. సిగ్గుతో తల ఎత్తుకోలేకపోతున్నాను.

మొహం చెల్లని నీ బావ

తా.క.: పొగరు గిత్త ఇంట్లో ఎందుకని దాన్ని సంతకి తోలెయ్యమంటున్నారు. నా పరువు కోసం ఆ మూగజీవం పరువు పోయింది.

*

అరసవల్లి

బావకి తప్పు ఒప్పుకుని గిరిబాబు రాయునది.

ఎక్స్‌రేలో పాట వినిపించదు, గిత్తా కనిపించదు, పేడా కనిపించదు. విరిగినచోట కొత్త ఎముక కమ్ముకుందా లేదా, అంతే. నా వేళాకోళం ఇంత పని చేస్తుందనుకోలేదు. నాకూ సిగ్గుగా ఉంది. వెంటనే కుడి చెయ్యి తీసుకుని రా.

మీ గిరి

తా.క.: కుడి అంటే అన్నం తినే చెయ్యి.

*

రామతీర్థం

గిరిబాబుకి కుడి చేత్తో దీవెనలు.

ఎముక అతికిందని నువ్వన్నాక రైల్లో పిల్లాడిలా ఏడ్చాను. ఇంటికి వచ్చేసరికి గిత్త సంతకి బయలుదేరుతోంది. ఇక ఆగలేక జట్టు ముందు రెండు ఫొటోలూ పెట్టి, పడ్డ సంగతంతా చెప్పేశాను. పొట్టలు పట్టుకుని నవ్వారు. నేల చీలితే బాగుండుననిపించింది. చివరికి గోవింద్ నా చెయ్యి నెమ్మదిగా పట్టుకుని, "గురూ, ముందు నువ్వే ఉండాల. ఆ స్టెప్పు మాత్రం ఎయ్యాల" అన్నాడు.

గిత్తకి రెండో తాడు విప్పేశాను. మీ అప్ప కలం ఇమ్మంటోంది.

నీ బావ

తా.క.: తమ్ముడా, నాను అప్పని. ఆ పొద్దు నాను గడ్డివామి ఎనక నుంచి అంతా సూసినాను. స్టెప్పు బాగానే ఏసినాడు. గిత్త లాగిందన్నాడు, నాను కూడా గిత్తే లాగిందని ఊరంతా సెప్పినాను. ఏటి సెయ్యమంటావు? ఆ పేడ పొద్దున్నే ఎత్తాల్సింది నానే. సీరియల్ సూస్తా మర్సిపోనాను. మీ బావకి మాత్రం సెప్పకు.