పేరు లేని పెట్టె

జూన్ 10, సోమవారం

మా మేనేజర్ రాధిక మేడమ్ క్యాబిన్‌కి పిలిచారు. పదకొండేళ్ళుగా కంపెనీ పోర్టల్‌లో సర్క్యులర్లు, సెలవుల జాబితా, క్యాంటీన్ మెనూ ఎక్కించడమే నా పని. ఇప్పుడు నన్ను డెవలపర్‌ని చేస్తారట. పోర్టల్ పేజీల్లో పెట్టే చిన్న చిన్న పెట్టెలు, అంటే సొంత కాంపొనెంట్లు, రాయడం నేర్చుకోవాలట, ఆరు వారాల్లో. నేర్పేది ఆదినారాయణప్ప గారు.

ఈ కంపెనీలో అడగనిదే కుర్చీ కూడా మార్చరు. నేనేమీ అడగలేదు.

ఇంటికొచ్చి మా ఆయన స్టీఫెన్‌కి చెబితే మంచిదే కదా అన్నాడు. తను పనిచేసే ఆసుపత్రిలో డ్యూటీ చార్టు కొంచెం మారినా ఎందుకు మార్చారని అడిగే మనిషి. నా విషయంలో అడగలేదు. నేనే అడుగుతున్నాను. నన్నే ఎందుకు?

జూన్ 12

ఆదినారాయణప్ప గారిది బెంగళూరు పక్కన హొసకోటె. తాతల కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. వయసు యాభై ఆరు. పోర్టల్ మొదలైన రోజు నుంచి ఉన్నారు. దాని లోపల ఏముందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

మొదటి పాఠం ఇలా చెప్పారు: "కాంపొనెంటంటే బాడుగకు వచ్చినోడమ్మా. పేజీ ఓనరుది. మేకు కొట్టల్లంటే అడగల్ల. పక్కింటోళ్ళ నీళ్ళ పైపు ముట్టగూడదు."

కుందలహళ్ళిలో నాలుగు ఇళ్ళు మారినదాన్ని. బాగా అర్థమైంది.

జూన్ 14

రోజంతా ఎర్రర్లు. చివరికి తేలింది ఏమిటంటే, నేను వేసుకున్న సాఫ్ట్‌వేర్ వెర్షనే తప్పు.

జూన్ 19

నా మొదటి కాంపొనెంట్ పనిచేసింది. ఈరోజు పుట్టినరోజు ఎవరిదో చూపించే చిన్న పెట్టె. టెస్ట్ సైట్‌లోనే అనుకోండి. రంగు నీలం అని సెట్టింగ్‌లో పెడితే నీలం అయింది, పసుపు అంటే పసుపు అయింది. ఎవరూ చూడకుండా ఏడెనిమిది సార్లు మార్చాను. నలభై దగ్గరపడ్డాక ఇంత సంతోషం వస్తుందని అనుకోలేదు.

ఆయన చూసి "ఆయితు, బాగుండాది" అన్నారు. నవ్వలేదు. నేర్పుతారు, కానీ నన్ను పరీక్షగా చూస్తూ ఉంటారు. నేనేదో దొంగిలించడానికి వచ్చినట్టు.

జూన్ 21, మధ్యాహ్నం 3

హోమ్ పేజీని ఎడిట్ మోడ్‌లో తెరిచాను. సర్క్యులర్లకూ క్యాలెండర్‌కూ మధ్య సన్నగా ఒక పెట్టె ఉంది. పేరు లేదు. ఎడిట్ మోడ్ మూసేస్తే కనిపించదు. పదకొండేళ్ళలో ఆ పేజీని ఎన్ని వేలసార్లు తెరిచానో. ఇదెప్పుడు వచ్చింది?

జూన్ 24

అడిగాను. ఆదినారాయణప్ప గారు నా స్క్రీన్ వైపు కూడా చూడలేదు. "దాన్ని ముట్టొద్దమ్మా. సుమ్నె ఉండనీ" అన్నారు, ఊరికే వదిలేయమని. నాలుగు ప్రశ్నలడిగితే నలభై నిమిషాలు చెప్పే మనిషి.

జూన్ 26

ఆ పెట్టె కోడ్ దొరికింది. నేర్చుకోవడానికని నాకు ఇచ్చిన అడ్మిన్ హక్కులు ఇంత లోపలికి తీసుకెళతాయని ఆయనకు గుర్తులేదేమో. రెండు వారాల క్రితమైతే ఒక్క లైను అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.

పోర్టల్‌లో ఎవరు ఏ పేజీ తెరిచినా ఆ పెట్టె రాసుకుంటుంది. పేరు, పేజీ, సమయం. రాసేది దాచిపెట్టిన ఒక లిస్టులోకి. అది తెరిచాను. నా పేరూ ఉంది. 9.12 సెలవుల పేజీ. 9.31 పీఎఫ్ పేజీ.

లిస్టులో ఈరోజువి మాత్రమే ఉన్నాయి. నిన్నటివి లేవు.

జూన్ 28

మూడు రోజులుగా చూస్తున్నాను. సాయంత్రం ఆరు కాగానే లిస్టు ఖాళీ. తుడిచే పనీ ఆ కోడ్‌లోనే ఉంది. ఆదినారాయణప్ప గారు ఆరు దాటాకే సిస్టమ్ ఆపి బస్సుకు వెళతారు.

అంటే రోజూ ఎక్కడికో కాపీ చేసుకుని, ఆనవాలు లేకుండా తుడిచేస్తున్నారు. నాలుగు వేల మంది ఎప్పుడు ఏం చూస్తున్నారో ఒక్క మనిషి దగ్గర. ఎవరికి ఇస్తున్నారు?

కాపీ చేసే కోడ్ మాత్రం నాకు దొరకలేదు. దొరకనంత బాగా దాచారనుకున్నాను.

జూలై 3

రాధిక మేడమ్‌కి చెప్పేశాను. ఆవిడ నన్ను మధ్యలో ఆపి ఒకటే అడిగారు: "వెయిట్. రోజూ డిలీట్ అవుతోందా?"

అవునన్నాను. స్క్రీన్‌షాట్లు మెయిల్ చేయమన్నారు. చేశాను.

క్యాబిన్ నుంచి బయటికొస్తుంటే తేలిగ్గా అనిపించింది. సరైన పని చేసినవాళ్ళకు అలాగే ఉంటుంది కాబోలు.

జూలై 4

పదకొండింటికి సెక్యూరిటీ నంజప్ప వచ్చి ఆదినారాయణప్ప గారి కుర్చీ వెనక నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా రోజూ నమస్కారం పెట్టే మనిషి వెనకాల అలా నిలబడటం నంజప్పకూ చేతకాలేదు. తల వంచుకునే ఉన్నాడు.

ఆయన టిఫిన్ బాక్సు, స్వెట్టరు తీసుకున్నారు. నా దగ్గర ఆగారు. తిడతారనుకున్నాను. "ఆ పుట్టినరోజు పెట్టెలో ఫిబ్రవరి ఇరవై తొమ్మిదినాడు పుట్టినోళ్ళను మరిచినావమ్మా. చూసుకో" అని వెళ్ళిపోయారు.

జూలై 5

పొద్దున రాధిక మేడమ్ రెండు పనులు చెప్పారు. ఆ పెట్టెలో తుడిచే కోడ్ తీసేయాలి. లిస్టు నుంచి రిపోర్టు రావాలి, ఎవరు ఏ పేజీ ఎన్నిసార్లు తెరిచారో పేర్లవారీగా.

అది ఆదినారాయణప్ప గారి సొంతం కాదా అని అడిగాను. ఆవిడ చాలా మామూలుగా చెప్పారు. "మేనేజ్‌మెంట్ రిక్వైర్‌మెంటే. పోయిన ఏడాది ఆయన్నే చెయ్యమన్నాం. రిపోర్ట్ అడిగితే ఎప్పుడూ టెక్నికల్ ఇష్యూ అనేవారు. ఇప్పుడు అర్థమైంది కదా, ఇష్యూ ఏంటో. థ్యాంక్స్ టు యూ."

కాపీ చేసే కోడ్ దాచినందుకు దొరకలేదనుకున్నాను. లేనందుకు దొరకలేదు.

మరి నేనేం చేశాను? తీసేశాను. రెండు లైన్లు. ఎందుకు తీశావని ఎవరైనా అడిగితే భయమని చెబుతాను. ఇక్కడ అబద్ధమెందుకు? ఆయన లేకుండా ఆ కోడ్‌లో చెయ్యి పెట్టగలనని చూపించాలనిపించింది.

జూలై 12

రిపోర్టు అయిపోయింది. పేజీని బట్టి వెతకొచ్చు, పర్మనెంటా కాంట్రాక్టా అన్నదాన్ని బట్టి వడపోయొచ్చు. మేడమ్ మీటింగులో నా పేరు చెప్పి మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏం కట్టానో వాళ్ళకు తెలియదు. వాళ్ళందరి పేర్లూ అందులో ఉన్నాయి.

జూలై 16, సాయంత్రం

రేణుకను తీసేశారు.

హెల్ప్‌డెస్క్‌లో పని, సీటు నా పక్కనే. మహబూబ్‌నగర్ పిల్ల, కాంట్రాక్టు మీద రెండేళ్ళ నుంచి ఉంది. ప్రాజెక్టులో అవసరం తీరిందన్నారట. వాష్‌రూమ్‌లో ముఖం కడుక్కుంటూ చెప్పింది.

"నాకు మూడో నెలక్కా. అందుకే తీసిండ్రేమో అనిపిస్తుంది. కానీ వాళ్ళకెట్ల తెలుస్తది? మా ఆయనకు తప్ప ఎవ్వలికి చెప్పలే. పోయిన వారం మెటర్నిటీ లీవు పేజీ తీసి రూల్స్ చదివిన, గంతే."

నల్లా కట్టేయడం మర్చిపోయింది. నేను కట్టాను.

జూలై 17

నా రిపోర్టు తెరిచి చూశాను. ఎవరో ఒక వెతుకులాట సేవ్ చేసి పెట్టుకున్నారు. పేజీ: మెటర్నిటీ లీవు. ఉద్యోగం: కాంట్రాక్టు. వచ్చిన పేర్లు మూడు. రేణుక మొదటిది.

మేడమ్‌ని అడిగాను. కో-ఇన్సిడెన్స్ అన్నారు. కాఫీ తాగుతారా అని అడిగారు.

జూలై 20, శనివారం

హొసకోటె వెళ్ళాను. బస్సులో రెండుసార్లు దిగిపోదామనుకున్నాను.

తలుపు తీసింది ఆయన భార్య పుష్పావతి గారు. నేనెవరో చెప్పగానే ముఖం మారింది. అయినా లోపలికి రమ్మన్నారు, కాఫీ ఇచ్చారు. ఆయన వరండాలో మిక్సీ విప్పి బాగుచేస్తున్నారు. మేడమ్‌కి చెప్పింది నేనేనన్నాను.

"తెలుసు" అన్నారు.

ఎందుకు రాశారు సార్ అలాంటిది, అని అడిగాను.

"రాయమన్న్యారు. నేను రాయనంటే ఇంకొకరితో రాపిస్తారు గదా. నేనైతే సాయంత్రానికి తుడిచిపెట్టేటట్ల రాయొచ్చు అనుకుంటి. ఏడాది నడిచింది."

నాకు ఒక్క మాట చెప్పి ఉంటే, అన్నాను. అన్నాక సిగ్గేసింది.

ఆయన స్క్రూ ఒకటి నేల మీద వెతికి తీసుకున్నారు. "నువ్వు ఆయమ్మ మనిషివి అనుకుంటినమ్మా. నన్ను కనిపెట్టేకి పంపించినారని. నువ్వు నన్ను దొంగ అనుకుంటివి, నేను నిన్ను." స్క్రూ బిగిస్తూ అడిగారు. "ఆ రెండు లైన్లు నువ్వే తీసినావా?"

నేనే అన్నాను. రేణుక సంగతి చెప్పాను. చాలాసేపు ఆయన మిక్సీ ముట్టుకోలేదు.

"నాదీ తప్పుండాది" అన్నారు చివరికి. "దాన్ని కనపడకుండా పెట్టింది నేనే గదా. లోపల మంచి చేస్తుండానో చెడ్డ చేస్తుండానో చూసేవాళ్ళకు ఎట్ల తెలుస్తాది?"

జూలై 21

చర్చిలో మోకరించాను. ప్రార్థన రాలేదు. కోడ్ వచ్చింది.

మధ్యాహ్నం స్టీఫెన్‌కి మొత్తం చెప్పాను. ఉద్యోగం పోవచ్చని కూడా చెప్పాను. బియ్యం కడుగుతున్నవాడు చెయ్యి ఆపలేదు. "మా వార్డులో పేషెంటు చార్టు మంచానికే తగిలిస్తాం. అటకమీద పెట్టం" అన్నాడు.

సాయంత్రం దాకా కూర్చుని రాశాను. నాలుగుసార్లు టెస్ట్ చేశాను.

జూలై 22, సోమవారం, ఉదయం 8.50

ఎక్కించాను.

పేరు లేని పెట్టెకు పేరు పెట్టాను. ఎత్తు ఇచ్చాను. ఇప్పుడది ప్రతి పేజీలో పైన, పసుపు రంగులో ఉంటుంది. అందులో ఇలా ఉంది: మీరు ఈ పోర్టల్‌లో ఏ పేజీ తెరిచినా మీ పేరుతో, సమయంతో సహా నమోదవుతోంది. జూలై 5 నుంచి మీవి ఇవి. కింద ఎవరి లిస్టు వాళ్ళకే కనిపిస్తుంది. ఇంకొకరిది కనిపించదు. కన్నడంలో, ఇంగ్లీషులో కూడా పెట్టాను. అడుగున రాసినవారు అని నా పేరు.

అదే రోజు, మధ్యాహ్నం

సరిగ్గా తొమ్మిదికి అందరూ లాగిన్ అయ్యారు. తర్వాత కుర్చీలు జరిగిన చప్పుడు. ఎవరో ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీశారు. ఆ తర్వాత అందరూ తీశారు. ఫిర్యాదుల కమిటీ పేజీ తెరిచిన ఒకావిడ తన లిస్టు మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను రాసింది ఆమెను కూడా భయపెట్టింది. అది నేను ముందుగా ఆలోచించలేదు.

తొమ్మిదిన్నరకు రాధిక మేడమ్ నా డెస్క్ దగ్గరికి వచ్చారు. ఎప్పుడూ రానిది. "ఎవరు చెప్పి చేయించారు?" అని అడిగారు. ఎవరూ లేరంటే నమ్మలేదు. పది నిమిషాల తర్వాత పెట్టె తీసేశారు. ఆ తర్వాత నా లాగిన్ పనిచేయలేదు.

నంజప్ప వచ్చాడు. ఈసారి వెనకాల నిలబడలేదు. పక్కన నడిచాడు. గేటు దగ్గర నా బ్యాగు అందిస్తూ, "మేడమ్, నాది కూడా ఉంటాదా దాంట్లో?" అని అడిగాడు. ఉందన్నాను.

జూలై 31

పాత ఆఫీసు నుంచి ఒకరు ఫోన్ చేశారు. అందరికీ మెయిల్ వచ్చిందట. ఆ కాంపొనెంట్ తీసేశారట, నమోదైనవన్నీ తుడిచేశారట. నిజంగా తుడిచారా? నాకు తెలుసుకునే దారి లేదు. ఇకమీదట ఏ మెయిల్ చదివినా ఇలాగే ఉంటుందేమో.

రేణుకను మళ్ళీ రమ్మన్నారట. "పోవాల్నా వద్దా అక్కా?" అని అడిగింది. నేను కట్టినదానివల్లే పోయిన ఉద్యోగమని చెప్పాను. ఫోన్ పెట్టేసింది.

ఆగస్టు 8

రేణుక ఉద్యోగంలో చేరింది. నాతో చెప్పలేదు. ఇంకొకరు చెబితే తెలిసింది.

ఆగస్టు 19

యలహంకలో ఇంటర్వ్యూ. లైవ్‌లోకి వెళ్ళిన కాంపొనెంట్లు ఎన్ని రాశారని అడిగారు. నా పేరుతో వెళ్ళింది ఒకటి అన్నాను. ఎంతకాలం నడిచిందని అడిగారు.

యాభై నిమిషాలు అన్నాను.