బయటే ఉండు, వెళ్ళిపోకు

ఇంటావిడకి,

నీ ఇంటాయన రాసేది. ఇక్కడ ముగ్గురం క్షేమం. ఈ ముక్క ప్రతి ఉత్తరంలోనూ చెయ్యి దానంతటదే రాసేసేది, ఈసారి మాత్రం ఆలోచించి రాశాను. ఇవాళ్టికి అది నిజం. కింద ఏం చదివినా ముందు ఇది గుర్తుపెట్టుకో. నువ్వు అక్కడ వేళకి తింటున్నావనీ, ఫ్యాక్టరీలో కొత్త పిల్లలకి కుట్టు నేర్పి నేర్పి గొంతు పోగొట్టుకోలేదనీ అనుకుంటున్నాను.

నీ ప్రశ్నలకి జవాబులు. వంటింట్లో కుళాయి కారడం ఆగింది. నేనే బాగుచేశానంటే నువ్వు నమ్మవు కాబట్టి ప్లంబరు వచ్చాడనే రాస్తున్నాను. దగ్గు తగ్గింది, స్పాంజి కోసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నాను. కింది వాటాలో అక్క మోకాలు అలాగే ఉంది, నోరూ అలాగే ఉంది. షాపుకి ఒక సినిమా హాలు కుర్చీలన్నీ రెక్సిన్ మార్చడానికి వచ్చాయి. వాటి కింద జనం అంటించిన బబుల్‌గమ్ గీకడంతోనే నాకు సగం రోజు గడిచిపోతోంది.

ఇక ఆఖరి ప్రశ్న. "బుల్లి ఫోన్లో ఊ, ఆ తప్ప మాట్లాడటం లేదు, చదువు ఒత్తిడేనా?" అని అడిగావు. కాదు. ఇది ఫోన్లో చెబుదామంటే మన ఇంటి గోడల సంగతి నీకు తెలుసు, ఈ గదిలో తుమ్మితే ఆ గదిలో చిరంజీవ అంటారు. అందుకే షాపులో మిషను బల్ల మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను.

మొన్నామధ్య అక్క పైకొచ్చి తలుపు దగ్గరికి వేసింది. అక్క తలుపు వేసి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. "మీ పిల్ల ఆడవాళ్ళ ఆసుపత్రి మెట్లు దిగుతుంటే చూశానురా. ఒక్కతే ఉంది. నన్ను చూసి తల తిప్పుకుంది" అంది.

ఆ సాయంత్రం బుల్లిని మామూలుగా అడిగినట్టు అడిగాను, మధ్యాహ్నం ఎక్కడికెళ్ళావని. "లైబ్రరీకి" అంది, నా కళ్ళలోకి చూసి మరీ. పదిహేడేళ్ళు పెంచిన పిల్ల అంత నున్నగా అబద్ధం ఆడగలదని నాకు తెలియదు. మళ్ళీ అడగలేదు. ఎందుకడగలేదో ఇప్పటికీ తెలియదు. భయమేసిందనుకుంటాను, ఎక్కడ నిజం చెప్పేస్తుందోనని.

మర్నాడు నేనే ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మకి మన వయసే ఉంటుంది. కూర్చోమంది.

"మా అమ్మాయి ఇక్కడికి ఎందుకొచ్చిందో తెలుసుకుందామని వచ్చానండి" అన్నాను.

"మీ అమ్మాయి వచ్చిందో రాలేదో కూడా నేను చెప్పకూడదండి."

"నేను దాని తండ్రిని."

"అది మీ మొహంలోనే తెలుస్తోంది. కానీ ఇక్కడ ఈ వయసు పిల్లలు వాళ్ళంతట వాళ్ళు వచ్చి చూపించుకోవచ్చు. వాళ్ళు వద్దంటే ఇంట్లో చెప్పం. ఎవరైనా వాళ్ళని బాధపెడుతున్నారని తెలిసినా, ప్రాణం మీదికి వచ్చేలా ఉన్నా అప్పుడు వేరే సంగతి."

నాకు ఒళ్ళు మండింది. "పన్ను పీకాలంటే నా సంతకం కావాలి. బడివాళ్ళు మ్యూజియం చూపించడానికి తీసుకెళ్ళాలన్నా నా సంతకం కావాలి. దీనికి నేను అక్కర్లేదా? రేపు దానికేమైనా అయితే మంచం పక్కన కూర్చునేది మీరా, నేనా?"

నా గొంతు పెరిగింది. బయట కూర్చున్నవాళ్ళు వినే ఉంటారు. ఆవిడ మాత్రం పెంచలేదు. "మీరేనండి. నాకూ ఆ వయసు కూతురుంది. నాకు తెలియకుండా అది ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్తే నేనూ మీలాగే అరుస్తానేమో. కానీ చెప్పేస్తానని తెలిస్తే పిల్లలు అసలు రారు. వచ్చిన ప్రతి పిల్లకీ, ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరికైనా చెప్పుకోమ్మా అని మాత్రం చెబుతాను" అంది.

ఇంటికొచ్చేసరికి అక్క మెట్ల మీదే కాచుకుని ఉంది. "చెప్పనందా? కన్నవాళ్ళకి చెప్పకుండా దాచడానికి ఆవిడెవరు? నువ్వు గట్టిగా అడగలేదు, నాకు తెలుసు" అంది. అక్క అన్నప్పుడు అది నిజమే అనిపించింది. డాక్టరమ్మ అన్నప్పుడు అదీ నిజమే అనిపించింది. స్టూలు కాళ్ళు సరిచేసేటప్పుడు ఒకటి కోస్తే రెండోది పొడుగవుతుంది చూడు, అలా అటూ ఇటూ అయిపోయాను.

తర్వాత వారం ఒక పొద్దున్న బుల్లి బడికి లేవలేదు. నేను టీ పట్టుకెళ్ళేసరికి మంచం మీద మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. పెదవులు తెల్లబడిపోయాయి. ఏమైందే అంటే "కడుపు నొప్పి, పడుకుంటే పోతుంది" అంది. లేవదీయబోతే కేక పెట్టింది. అది చిన్నప్పుడు సైకిలు మీంచి పడి చెయ్యి విరిగినప్పుడు కూడా అలా అరవలేదు.

టాక్సీ ఎక్కించి, పెద్దాసుపత్రికి పొమ్మన్నాను. అప్పుడు నా చొక్కా పట్టుకుని, "నాన్నా, ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళు" అంది. ఏ డాక్టరమ్మ అని నేను అడగలేదు. ఎలా తెలుసని అది అడగలేదు.

లోపలికి తీసుకెళ్తుంటే నేనూ వెనకే నడిచాను. గది గుమ్మం దగ్గర డాక్టరమ్మ ఆగి, నా వైపు కాకుండా దాని వైపు చూసి, "నాన్నగారు రావచ్చా?" అని అడిగింది. బుల్లి తల తిప్పి నా వైపు చూసింది. తర్వాత నాతో, "బయటే ఉండు" అంది. తలుపు వేసేలోపు మళ్ళీ, "వెళ్ళిపోకు" అంది.

బయటే ఉన్నాను. ఎంతసేపో తెలియదు. తలుపు బద్దలు కొడదామనీ అనిపించింది, ఈ డాక్టరమ్మ లేకపోతే పిల్ల ఎవరి దగ్గరికి వెళ్ళేదా అనీ అనిపించింది. ఈ రెండూ ఒక్క బుర్రలో ఎలా పట్టాయో నాకే తెలియదు. నువ్వుంటే నిన్ను లోపలికి రమ్మనేదా? అదీ అనుకున్నాను. కొంచెం అసూయగానే అనుకున్నాను.

తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చి, "ప్రమాదమేం లేదండి. సాయంత్రం దాకా సెలైన్ పెడతాం. మిగతాది అమ్మాయే చెబుతానంది" అని నన్ను లోపలికి పంపింది.

బుల్లి గోడ వైపు చూస్తూ చెప్పింది. గర్భసంచికి ఇన్ఫెక్షన్. ముందు ఇచ్చిన మాత్రలకి లొంగలేదట. పరీక్ష రిపోర్టు వచ్చింది, మందు మార్చాలి, వెంటనే రమ్మని డాక్టరమ్మ ఫోన్ చేసిందట. ఇది వెళ్ళలేదు.

"ఎందుకెళ్ళలేదే?" అన్నాను.

"వెళ్ళాను. సందు మలుపు దాకా వెళ్ళాను. ఎదురుగా లాండ్రీ షాపు బెంచీ మీద నువ్వు కూర్చున్నావు. మొహానికి పేపరు అడ్డం పెట్టుకుంటే సరిపోతుందా నాన్నా? నీ చెప్పులు నాకు తెలియవా? మర్నాడు మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అక్కడే ఉన్నావు."

పైన నీకు రాసినప్పుడు ఈ ముక్క మింగేశాను. డాక్టరమ్మ చెప్పనన్నాక నేను ఊరుకోలేదు. షాపు మూసేసి, రోజూ ఆ బెంచీ మీద కాపలా కూర్చున్నాను, బుల్లి వస్తే చేత్తో పట్టుకుందామని. పట్టుకుని ఏం చేద్దామనుకున్నానో ఇప్పుడు ఎంత తలుచుకున్నా అంతు పట్టడం లేదు. అక్కకి కూడా చెప్పలేదు. నేను అక్కడ కూర్చోబట్టి పిల్లకి మందు అందలేదు, జ్వరం ముదిరింది. ఇది నీకు రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇంత దూరం వచ్చాక గానీ చెయ్యి ఆడలేదు.

దాన్ని ఒక్కటే అడిగాను, ఎవరైనా నిన్ను బలవంతం చేశారా అని. "లేదు నాన్నా. డాక్టరమ్మ కూడా మొదటిరోజే అదే అడిగింది. లేదు" అంది. ఈసారీ నా కళ్ళలోకి చూసే అంది. లైబ్రరీ అన్నప్పుడూ అలాగే చూసింది కదా అనిపించింది. కానీ ఈసారి కళ్ళలో నీళ్ళున్నాయి. నమ్మాను. నమ్మడం తప్ప నా దగ్గర ఇంకేముంది?

"మిగతాది అమ్మకి చెబుతాను. నీకు కాదు. కోపం తెచ్చుకోకు" అంది. కోపం వచ్చింది. గుండెల మీంచి బరువు దిగినట్టూ అయింది. మంచినీళ్ళ గ్లాసు అందిస్తే తాగి, నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది.

ఇప్పుడు బాగానే ఉంది. జ్వరం లేదు, బడికి వెళ్తోంది, అన్నం దగ్గర నా వంటకి వంకలు పెడుతోంది. నీకు రాస్తున్నానని దానికి తెలుసు. "జబ్బు చేసిందని రాయి, అమ్మ కంగారు పడకుండా రాయి" అంది. రెండోది నాకు చేతకాలేదు, చూశావుగా. అక్కకి కడుపులో ఇన్ఫెక్షన్ అని మాత్రం చెప్పాను. అది దేనివల్ల వచ్చిందని నన్ను నాలుగు రకాలుగా అడిగింది. చెప్పడానికి నాకు మాత్రం ఏం తెలుసు?

డాక్టరమ్మ చేసింది ఒప్పో తప్పో తేల్చుకోలేకపోతున్నాను. ఆవిడ మొదటిరోజే చెప్పి ఉంటే రిపోర్టు వచ్చిన రోజే పిల్ల మందు మార్చుకునేదేమో. లేకపోతే నేను ఇంట్లో రభస చేసి, అది మళ్ళీ ఆ గడప తొక్కకుండా చేసేవాడినేమో. నా సంగతి నాకు తెలుసు కాబట్టి రెండోదే జరిగేదనిపిస్తుంది. అయినా తండ్రిని గుమ్మం బయట నిలబెట్టడం న్యాయమని నాతో నేను ఒప్పించుకోలేకపోతున్నాను. నీకేమనిపిస్తుందో రాయి. తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ దాన్ని కాదు.

ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. సెలవు మీద నువ్వొచ్చినప్పుడు అది నీతో చెప్పుకుంటుంది. చెప్పింది నాకు చెప్పకు. అది చెప్పమంటే తప్ప చెప్పకు. ఈ వాక్యం రాసి కొట్టేసి మళ్ళీ రాశాను. నా మాట మీద నాకే నమ్మకం లేదు. ఆ రోజు నేను నీ వెంటపడి, తండ్రినే కదా, నాకెందుకు చెప్పవని గొడవ పెడితే, నోరెత్తకుండా ఈ ఉత్తరం తీసి నా చేతిలో పెట్టు.

ఇట్లు,
బుల్లి వాళ్ళ నాన్న