చేతులు మాత్రం తియ్యమన్నావు

కనకమక్కా,

నువ్వు పోయి ఏడాది కావస్తోంది. రాజమండ్రిలో మన పట్టుచీరల కౌంటర్‌లోకి దివ్య అని కొత్తమ్మాయి వచ్చింది. ఇప్పుడు ఎవరు చేరినా ముందు షాపువాళ్ళ ఫోన్‌లో వీడియోలు చూసి పని నేర్చుకోవాలి. వాటిలో మొదటిది నీదే.

"మొహం వద్దే, జుట్టు దువ్వుకోలేదు. చేతులు తియ్యి చాలు," అన్నావు ఆ రోజు. అందుకే అందులో నీ చేతులే కనిపిస్తాయి. పట్టు ముట్టుకునే ముందు అరచేతులు పైటకి తుడుచుకుంటావు. చీర మడతపెట్టి, నేను ఫోన్ ఆపేశాననుకుని, "అయిపోయిందిగా, ఇంక టీ చెప్పవే," అంటావు. ఆ ముక్క తీసేయమని మేనేజర్‌గారు చెబుతూనే ఉన్నారు. నేను తియ్యలేదు. నీ గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు.

ఇవాళ దివ్య మొదటిసారి తనే చీర చూపించింది. అచ్చం నీలాగే అరచేతులు తుడుచుకుంది, అంచుకి అంచు కలిపి మడిచింది. నేను బిల్లు కొట్టడానికి అటు తిరిగాను.

"అయిపోయిందండి, ఇంక టీ చెప్పండి," అంది వెనకనుంచి, అదీ పాఠంలో భాగమే అనుకుని.

నేను తలెత్తకుండానే అన్నాను: "అలాగే అక్కా."