అమ్మ ఎర్ర గీత

ఆదివారం, రాత్రి

చర్చి నుంచి వస్తూ ఆటోలో ఫోన్ తీసి నవల తెరిచాను. నేను ఆపిన చోట కాదు, ఇంకా ఎన్నో పేజీలు దాటాక తెరుచుకుంది. అదే పుస్తకం నా పాత ఫోన్‌లోనూ నా ఖాతాతోనే ఉంది; ఒకదాంట్లో చదివినా, రాసినా రెండోదాంట్లో కనిపిస్తుంది. అదిప్పుడు అమ్మ వాడుతోంది.

"ఎప్పుడు చూసినా ఫోన్లనే ఉంటవ్. చదువుతున్ననంటే నమ్మాల్నా?" అంది పక్కనే కూర్చున్న అమ్మ.

ఎంత అమాయకంగా అందో! నాయిక ఇల్లు వదిలే పేజీలో నేను రాసుకున్నది చదివేసిందా? "పుణెలో ఉద్యోగం వచ్చింది. చెప్పకుండా వెళ్ళిపోతా" అని రాశాను.

ఇందాక మళ్ళీ చూశాను. నేనింకా చదవని పేజీలో ఎర్ర గీత. బైబిల్లో అమ్మ గీసేదీ ఎర్ర గీతలే. ఆ గీత నాయిక తల్లి మాట కింద ఉంది: "చెప్పి వెళ్తే దారికి అన్నం కట్టిచ్చేదాన్ని కదా."

ప్రేమతో గీసిందా, నా నోటితో చెప్పించాలనా...